తెర మీద చెయ్యి పట్టుకుని నేర్పగలమా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేనొక నర్సింగ్ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. వచ్చే ఏడాది నుంచి థియరీలో సగం ఆన్‌లైన్‌లో, మిగతా థియరీ, ప్రాక్టికల్స్ కాలేజీలో అని నిర్ణయించారు. మా పన్నెండు మంది టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చే పని నా నెత్తిన పడింది. పోయినసారి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఒకాయన వచ్చి రోజంతా ఏ బటన్ ఎక్కడుందో చూపించి వెళ్లాడు. నెల తిరక్కుండానే అందరం మళ్లీ పీపీటీ తెరిచి చదవడంలో పడ్డాం. మా సీనియర్ మిడ్‌వైఫరీ మేడమ్ అయితే "కాన్పు చెయ్యడం కంప్యూటర్లో నేర్పుతారా? నేను రిటైరయ్యాక మీ ఇష్టం" అంటున్నారు. నిజం చెప్పాలంటే నాకే ఇదంతా పూర్తిగా రాదు. ఇచ్చింది రెండే రోజులు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: మీ సీనియర్ మేడమ్ దగ్గర మొదలుపెట్టండి. మీ కాలేజీలో ఇప్పటిదాకా ఎవరూ అడగని సరైన ప్రశ్న ఆవిడ అడిగారు. దాన్ని మొండితనం అనుకుని పక్కన పెడితే మీ ట్రైనింగ్ మొదలవకముందే సగం పోయినట్టు. మొదటి రోజు బోర్డు మీద ఆ ప్రశ్నే రాయండి: కాన్పు చెయ్యడం కంప్యూటర్లో నేర్పుతారా? పన్నెండు మందీ దాని మీద గంటసేపు వాదించుకోనివ్వండి. సాఫ్ట్‌వేరాయన ఒక్క రోజులో చెప్పినదానికంటే ఆ గంటలో ఎక్కువ పని జరుగుతుంది.

ఆయన తప్పేమీ లేదులెండి. ఆయనకు తెలిసింది బటన్లు, చూపించాడు. మీ కష్టం బటన్లతో కాదు. 2020లో కాలేజీలు మూతపడ్డప్పుడు మనందరం చేతికి దొరికిందాంతో పాఠం నడిపించాం. ఆ ఏడాదే అమెరికాలో చార్లెస్ హాడ్జెస్, ఆయన తోటివాళ్లు కొందరు దానికి వేరే పేరు పెట్టారు: అత్యవసర దూరబోధన. ఆలోచించి, ముందే అల్లుకున్న ఆన్‌లైన్ పాఠంతో దాన్ని కలపొద్దని వాళ్ల మాట. మనకు మాత్రం ఆ అత్యవసరంలో అబ్బిన అలవాట్లే మిగిలిపోయాయి. పీపీటీ తెరవడం, చదవడం, "అందరికీ అర్థమైందా?" అనడం, జవాబు రాకపోతే అర్థమైందనుకోవడం.

నా సంగతే చెబుతాను. నొప్పులు పడుతున్న తల్లిని ఎలా గమనించాలో యాభై నిమిషాల వీడియో చేశాను. పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు, ఒక్కోటి ఎన్ని సెకన్లు, ఎంత బలంగా వస్తోంది, అన్నీ చెప్పాను. బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా. కొన్ని వారాల తర్వాత లేబర్ రూమ్‌లో ఒకమ్మాయి తల్లి పొట్ట మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఎన్ని నొప్పులో చెప్పింది, సెకన్లు చెప్పింది. "బలం ఎలా ఉంది?" అన్నాను. నా మొహం చూసి, "గట్టిగా ఉందంటే ఎంత గట్టిగా మేడమ్?" అంది. వీడియోలో "గట్టిగా" అన్న మాట ఇరవైసార్లైనా అని ఉంటాను. ఎంత గట్టిగానో ఒక్కసారీ చెప్పలేదు.

ఆ తర్వాత అదే పాఠం ఆన్‌లైన్‌లో చెప్పేటప్పుడు అందరినీ ముక్కు కొన మీద వేలు పెట్టి నొక్కమన్నాను. బలహీనమైన నొప్పి వచ్చినప్పుడు గర్భాశయం చేతికి అలా తగులుతుంది. తర్వాత గడ్డం నొక్కమన్నాను, అది మధ్యరకం. ఆ తర్వాత నుదురు. వేలు దిగదు, అది బలమైన నొప్పి. మిడ్‌వైఫరీలో ఎప్పటినుంచో ఉన్న చిట్కా ఇది, నేను కనిపెట్టిందేమీ కాదు. తెర మీద ముప్పై మంది ముక్కులు నొక్కుకుంటూ నవ్వుకున్నారు. ఆ తర్వాతి బ్యాచ్‌లో "ఎంత గట్టిగా?" అని నన్నెవరూ అడగలేదు. "ఇది గడ్డంలా ఉంది మేడమ్" అన్నారు. ఆ గడ్డం నిజంగా గడ్డమేనా అని నేను పక్కన చెయ్యి పెట్టి చూడాల్సింది మాత్రం వార్డులోనే.

మీ ట్రైనింగ్ అంతా ఈ రెంటి మధ్య గీత గీయడమే. తెర ఎక్కడిదాకా మోస్తుంది, చెయ్యి ఎక్కడినుంచి మొదలవ్వాలి? ఆ గీత గీయడానికి వైద్యవిద్యలో వాడే మిల్లర్ పిరమిడ్ బాగా పనికొస్తుంది. 1990లో జార్జ్ మిల్లర్ చెప్పిన నాలుగు మెట్లు: తెలుసు, ఎలా చెయ్యాలో తెలుసు, చేసి చూపగలదు, నిజంగా చేస్తోంది. మొదటి రెండూ తెర మోస్తుంది. మూడోది స్కిల్ ల్యాబ్‌ది, నాలుగోది వార్డుది. ఒక్కో టీచరుకు ఒక్కో స్కిల్ ఇచ్చి, చిన్న చిన్న ముక్కలు చేసి ఏ ముక్క ఏ మెట్టుదో రాయమనండి. యూరిన్ క్యాథెటర్ వెయ్యడం తీసుకున్నారనుకోండి. ఎవరికి వెయ్యాలి, ఎవరికి వద్దు, ట్రేలో ఏముండాలి, తల్లితో ఏం చెప్పాలి, ఇవన్నీ తెర మీద అయిపోతాయి. స్టెరైల్‌గా పట్టుకోవడం మాత్రం అవదు. దీనికి అరపూట పడుతుంది. పట్టనివ్వండి.

మీ సీనియర్ మేడమ్‌కు ఇంకో మాట కూడా చెప్పొచ్చు. అంతర్జాతీయ మిడ్‌వైవ్స్ సమాఖ్య విద్యా ప్రమాణాల ప్రకారం మిడ్‌వైఫరీ కోర్సులో ప్రాక్టికల్ కనీసం 50 శాతం, థియరీ కనీసం 40 శాతం ఉండాలి. ఆ 50 జోలికి ఎవరూ పోవడం లేదు. ఆ 40ని సరిచేసుకుంటే, ల్యాబ్‌లో నిలబడి లెక్చర్ ఇచ్చే టైమ్ మిగిలి, అది చేతి పనికి దక్కుతుంది. ఎవరైనా పైవాళ్లు "సగం క్లినికల్ (వార్డులో రోగుల దగ్గర నేర్చుకునేది) తీసేసినా ఫరవాలేదని అమెరికాలో తేలిందట కదా" అని వస్తే, 2014 నాటి ఆ అధ్యయనం సంగతి మీరు తెలిసి ఉండాలి. అక్కడ క్లినికల్ గంటల్లో సగం దాకా సిమ్యులేషన్‌తో, అంటే నిజం పరిస్థితిని నకలు చేసి చేయించే సాధనతో, నింపినా ఫలితాల్లో తేడా రాలేదన్నది నిజమే. కానీ ఆ సిమ్యులేషన్ అంటే మ్యానికిన్లు (మనిషి బొమ్మలు) ఉన్న ల్యాబ్, అందుకోసమే తయారైన టీచర్లు, ప్రతిదాని తర్వాత కూర్చుని ఏం జరిగిందో చర్చించుకునే డీబ్రీఫింగ్. ఇంట్లో కూర్చుని చూసే వీడియో కాదు. ఇది మీటింగులో గట్టిగా చెప్పండి.

ఇక ఆ రెండు రోజులు. రెండూ వరసగా వాడకండి. అవే గంటలను ఆరు వారాలకు పంచి ఇమ్మని అడగండి. మొదట ఒక పూట అందరూ ఎదురెదురుగా కూర్చోవాలి, మధ్యలో వారానికి గంటన్నర ఆన్‌లైన్ పని, చివర మళ్లీ ఒక పూట కలవాలి. ఆన్‌లైన్‌లో ఎప్పుడూ విద్యార్థిగా కూర్చోని మనిషికి ఆన్‌లైన్‌లో నేర్పడం గురించి లెక్చర్ ఇస్తే గట్టున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టే. టీచర్లు గడువు మరిచిపోవాలి. "ఎక్కడ అప్‌లోడ్ చెయ్యాలో కనబడలేదు" అని విసుక్కోవాలి. అప్పుడే మరుసటి నెల తమ విద్యార్థి అదే మాట అంటే సాకు అనుకోరు.

మొదటి ఆన్‌లైన్ వారానికి ఒక షరతు పెట్టండి. ల్యాప్‌టాప్ వద్దు, అందరూ ఫోన్‌లోనే చేరాలి. మీ విద్యార్థుల్లో చాలామంది చూసేది దాంట్లోనే కదా. పద్దెనిమిది లైన్ల స్లైడును అరచేతంత తెర మీద చదవలేక కళ్లు చిట్లించుకున్న టీచరు మళ్లీ అలాంటి స్లైడు చెయ్యరు. స్లైడులో ఎన్ని మాటలుండాలో మీరు ప్రత్యేకంగా క్లాసు చెప్పక్కర్లేదు.

వీడియోల గురించి కొంచెం. 2014లో ఫిలిప్ గువో, ఆయన సహచరులు ఒక పెద్ద ఆన్‌లైన్ కోర్సుల వేదికలో లక్షల వీక్షణలు పరిశీలిస్తే, ఆరు నిమిషాలు దాటిన వీడియోల దగ్గర చూసేవాళ్ల శ్రద్ధ జారిపోతోందని తేలింది. నా యాభై నిమిషాల వీడియో గుర్తొచ్చి అప్పట్లో సిగ్గుపడ్డాను. స్కిల్ వీడియోలో టీచరు మొహం అవసరం లేదు, చేతులు కావాలి. ఫోను స్టాండుకు పెట్టి, చేసే మనిషి భుజం మీదుగా తియ్యండి. ఎదురుగా నిలబడి తీస్తే చూసే అమ్మాయికి కుడి ఎడమైపోతుంది, ల్యాబ్‌కు వచ్చాక చేతులు తికమకపడతాయి.

స్కిల్ నేర్పడానికి పేటన్ నాలుగు మెట్ల పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. టీచరు మాట్లాడకుండా మామూలు వేగంతో చేస్తుంది, తర్వాత ఒక్కో మెట్టూ వివరిస్తూ చేస్తుంది, మూడోసారి విద్యార్థి చెబుతుంటే టీచరు చేస్తుంది, నాలుగోసారి విద్యార్థే చేస్తుంది. సగం తెర మీద, సగం ఎదురుగా నేర్పే హైబ్రిడ్ కోసమే పుట్టిందా అన్నట్టుంటుంది. మొదటి రెండూ వీడియోలో పెట్టెయ్యొచ్చు. నాలుగోది ల్యాబ్‌లో రిటర్న్ డెమో, అంటే విద్యార్థి తిరిగి చేసి చూపించడం. మూడోదే లైవ్ క్లాసుకు ప్రాణం. మీ ట్రైనింగ్‌లో దాన్ని టీచర్ల చేత తప్పకుండా చేయించండి.

ఎలాగంటే, ఒక టీచరు కెమెరాను చేతుల మీదికి తిప్పి "ఇప్పుడు నేను మీ చేతులను. నాకంటూ బుర్ర లేదు. ఏం చెయ్యమంటే అది చేస్తాను" అనాలి. స్టెరైల్ గ్లౌజులు వేసుకోవడం అనుకుందాం. విద్యార్థి పాత్రలో ఉన్నవాళ్లు "గ్లౌజు తియ్యండి మేడమ్" అంటారు. మేడమ్ చేతులు కడుక్కోకుండానే ప్యాకెట్ చింపాలి. "అయ్యో, ముందు చేతులు!" అని ఎవరో అరుస్తారు. కడుక్కుని వచ్చాక "కుడి గ్లౌజు పట్టుకోండి" అంటారు. ఎక్కడ పట్టుకోవాలో చెప్పలేదు కనక మేడమ్ వేళ్ల దగ్గరే పట్టుకోవాలి. మడత లోపలి వైపు పట్టుకోవాలన్నది అప్పుడు గుర్తొస్తుంది, గుర్తొచ్చింది ఇక మరిచిపోరు. ఈ ఆటలో టీచరుకు కష్టమైన పని ఒకటే, తప్పు చెప్పినా సర్దెయ్యకుండా ఆ తప్పే చెయ్యడం. ఏళ్ల అలవాటున్న చేతులు తమంతట తామే సరిగ్గా చేసేస్తాయి, ఆపుకోవాలి. మొదటిసారి నావల్ల కాలేదు.

ఇప్పుడు మీ సీనియర్ మేడమ్ దగ్గరికి మళ్లీ వస్తాను, అసలు సంగతి అక్కడుంది కాబట్టి. కాన్పు చెయ్యడం తెర మీద రాదు, ఒప్పుకుందాం. కాన్పు నడుస్తుండగా ఏ నిమిషంలో ఏం చెయ్యాలో తేల్చుకోవడం మాత్రం తెర మీదే బాగా నేర్పొచ్చని నా అనుభవం. వార్డులో నొప్పులు పడుతున్న తల్లి పక్కన నిలబడి ముప్పై మందిని "ఇప్పుడేం చేస్తారు?" అని వరసగా అడగలేం. అడగకూడదు కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్ తీసుకోండి. కాన్పు ఎలా సాగుతోందో గీసే పాత చార్టు, పార్టోగ్రాఫ్ స్థానంలో వచ్చింది. యాక్టివ్ లేబర్, అంటే నొప్పులు జోరందుకునే దశ, గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర మొదలవుతుందంటుంది. మీ టీచర్లలో పాత చార్టులోని 4 సెంటీమీటర్లు, అలర్ట్ లైను, యాక్షన్ లైను అనే గీతల దగ్గరే ఉండిపోయినవాళ్లూ ఉండొచ్చు, ఆ రకంగానూ పనికొస్తుంది. ఖాళీ గైడ్ షీటు అందరికీ ముందే పంపి, కేసును ముక్కలు ముక్కలుగా వదలండి. ఉదయం 8 గంటలకు 5 సెంటీమీటర్లు, బిడ్డ గుండె నిమిషానికి 140. షీటులో నింపి ఫోటో పెట్టమనండి. మధ్యాహ్నం 12కు 6 సెంటీమీటర్లు, గుండె 146. సాయంత్రం 4కు పరీక్షిస్తే ఇంకా 6 దగ్గరే ఉంది, గుండె 152. ఆ గైడ్ ప్రకారం 6 దగ్గర 5 గంటలు గడిస్తే అది హెచ్చరిక. ఇప్పటికి 4 గంటలైంది. ఇంకో గంట ఆగుతారా, ఇప్పుడే డాక్టరుకు చెబుతారా? అందరూ జవాబు టైప్ చేసి పెట్టుకోవాలి, మీరు "ఊఁ" అనేదాకా ఎవరూ పంపకూడదు. అందరివీ ఒక్కసారి పడాలి. లేకపోతే మొదట పంపిన చురుకైన అమ్మాయి జవాబే మిగతా ఇరవై తొమ్మిది మంది జవాబూ అవుతుంది. తర్వాత నాలుగున్నరకు గుండె 162 అని వదలండి. 160 చేరితే గైడ్‌లో దానికి సున్నా చుట్టాలి. ఎంతమంది చుట్టారో, ఎంతమంది అంకె రాసి ఊరుకున్నారో ఫోటోల్లో కనిపిస్తుంది. ఊరుకున్నవాళ్లతో ఆ సాయంత్రమే మాట్లాడొచ్చు. వార్డులో ఇది బయటపడాలంటే ఎవరో ఒక బిడ్డ కష్టంలో పడాలి.

ఇలాంటి కేసు రాయాలంటే సాఫ్ట్‌వేర్ తెలియక్కర్లేదు, లేబర్ రూమ్ తెలియాలి. ఏ గంటకు ఏ అంకె వదిలితే విద్యార్థి తడబడుతుందో మీ సీనియర్ మేడమ్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ విషయంలో ఆవిడకు మనం చెప్పబోతే తాతకు దగ్గులు నేర్పినట్టే. ఆవిడకు జతగా ఫోన్ బాగా తెలిసిన జూనియర్ ట్యూటర్‌ను పెట్టండి. ఆవిడ చెబుతారు, జూనియర్ పేర్చుతుంది. పన్నెండు మందినీ ఇలాగే ఆరు జతలు చెయ్యండి. అయితే "పెద్దావిడకు సాయం" అన్న మాట ఎవరి నోటా రానివ్వకండి. ఎవరి దగ్గర లేనిది వాళ్లు నేర్చుకుంటున్నారు, అంతే.

లైవ్ క్లాసులో ఇంకో ఇబ్బంది, కెమెరాలు ఆపేసి కూర్చునేవాళ్లు. బలవంతంగా ఆన్ చేయించకండి. డేటా అయిపోతుందన్నది ఒకటి, ఇంట్లో ఎవరి పరిస్థితి ఎలా ఉందో మనకు తెలియదన్నది ఇంకొకటి. అయిదారు నిమిషాలకోసారి చేతికి ఏదో ఒక పని ఇస్తే మనిషి ఉన్నాడో లేడో దానంతటదే తెలుస్తుంది. జతలో ఒకరు పాఠం చెబుతుంటే రెండోవారు చాట్ చూడాలి. రెండూ ఒక్కరే చేస్తే రెండూ పాడవుతాయి.

కొందరు గదిలో, కొందరు తెర మీద, ఒకే క్లాసు ఒకేసారి, ఈ పద్ధతి మాత్రం మొదటి ఏడాది వద్దే వద్దు. చూడ్డానికి చాలా తేలిక, చెయ్యడానికి అన్నింట్లోకీ కష్టం. గదిలో ఉన్నవాళ్ల మొహాలు చూస్తూ మాట్లాడతాం, తెర మీదివాళ్లు దయ్యాల్లా మిగిలిపోతారు. పైవాళ్లకు ఇదే ముచ్చటగా కనబడుతుంది కాబట్టి ముందే జాగ్రత్తపడండి.

అరగంట తప్పనిసరిగా రోగుల గోప్యతకు కేటాయించండి. కేస్ షీటు ఫోటో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టడం టీచర్లే చేస్తున్నారు, విద్యార్థులను అనుకుని లాభం లేదు. పేరు మీద వేలు పెట్టి తీసినా పక్కనే బెడ్ నంబరు, తేదీ కనబడుతుంటాయి. వార్డు నుంచి ఏ ఫోటో బయటికి రాకూడదు. కేసు కావాలంటే మూడు నాలుగు కేసులు కలిపి ఊహించి రాసుకోవాలి. క్లాసు రికార్డు చేస్తుంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

ఆన్‌లైన్ పరీక్షల్లో కాపీ గురించి మీ టీచర్లు చాలాసేపు మాట్లాడతారు. పట్టించుకోకండి. చిన్న చిన్న క్విజ్‌లు మార్కుల కోసం కాదు, గుర్తుండడం కోసం. మళ్లీ చదవడం కంటే తమను తాము పరీక్షించుకున్నవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని రోడిగర్, కార్పికీ 2006లోనే చూపించారు. చేతి పనికి పరీక్ష ఎటూ ఎదురుగా, చెక్‌లిస్ట్ పట్టుకుని ఓస్కీ స్టేషన్లలోనే, అంటే ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని చేయించి చూసే పరీక్షలోనే. అక్కడ కాపీ కొట్టడం కుదరదు.

ట్రైనింగ్ అయ్యాక ప్రతి టీచరూ ఒక్క యూనిట్ మాత్రమే ఆన్‌లైన్‌కు మార్చాలి, మొత్తం సిలబస్ కాదు. మొదటిసారి ఒక గంట పాఠం తయారుచెయ్యడానికి ఎన్నో గంటలు పడుతుంది. ఆ గంటలు టైమ్‌టేబుల్లో రాసి ఇవ్వమని మీరే అడగాలి. ఇవ్వకపోతే మొదలుపెట్టే తేదీ జరపమనండి. ఇక్కడ మీరు మెత్తబడితే రాత్రి పదింటికి పీపీటీలు తయారవుతాయి, పొద్దున వాటినే చదువుతారు. తర్వాత ఒకరి క్లాసులో ఇంకొకరు విద్యార్థిగా, ఫోన్‌తోనే, చేరి చూడాలి. రెండే విషయాలు రాసుకుంటే చాలు: మొదటి పది నిమిషాల్లో నేను చెయ్యాల్సొచ్చింది ఏమైనా ఉందా? టీచరు ఆపకుండా అన్నింటికన్నా ఎక్కువసేపు మాట్లాడింది ఎన్ని నిమిషాలు? ఆ కాగితం ఆ టీచరుకే ఇవ్వాలి, ప్రిన్సిపల్‌కు వెళ్లకూడదు.

ఏ ప్రమాణం ప్రకారం చేస్తున్నారని పైనుంచి అడిగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ మిడ్‌వైఫరీ టీచర్ల కోసం 2014లో, నర్సింగ్ టీచర్ల కోసం 2016లో ఇచ్చిన కోర్ కాంపిటెన్సీల (టీచరుకు తప్పక ఉండాల్సిన సామర్థ్యాల) పత్రాలు చూపించండి. మీ ప్లాను దేనికి సరిపోతుందో పక్కన రాసిపెట్టుకోండి. వాటిని అందరి ముందూ చదువుతూ ట్రైనింగ్ మొదలుపెట్టారంటే మాత్రం పావుగంటలో సగం మంది ఫోన్లలో ఉంటారు, అదీ మీ పాఠం కోసం కాదు.

"నాకే పూర్తిగా రాదు" అన్నారు. ఆ మాట మొదటి రోజు అందరి ముందూ అనండి. నిన్న నేర్చుకున్న మనిషికి ఎక్కడ కాలు జారిందో గుర్తుంటుంది, ఎప్పుడో నేర్చుకున్నవాళ్లకు ఉండదు.

ఈ వారంలో ఒక పూట మీ సీనియర్ మేడమ్ దగ్గరికి వెళ్లండి. ఆన్‌లైన్ అన్న మాటే ఎత్తకండి. "మీ సర్వీసులో ఏ గంటలోనో ఎవరో ఒకటి గమనించకపోవడం వల్ల చేయి దాటబోయిన కాన్పు ఒకటి చెప్పండి" అని అడగండి. ల్యాప్‌టాప్ తీసుకెళ్లొద్దు. నోట్‌బుక్ చాలు, పేజీలు మాత్రం ఎక్కువ ఉండేలా చూసుకోండి.